విండోస్ 11లో ఐపీవీ6 ఆపెయ్యాలా, ఉంచాలా?

సీమబిడ్డ: కొత్త ఫైబర్ పెట్టించాక కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతున్నాయి. పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతుందో లేదో చూసే చిన్న ప్యాకెట్) మాత్రం చక్కగా వెళ్తోంది. కస్టమర్ కేర్ వాళ్ళు అడాప్టర్ సెట్టింగుల్లో ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ అడ్రసుల పద్ధతి) టిక్ తీసెయ్యమన్నారు. తీస్తే అన్నీ వస్తున్నాయి. అలాగే వదిలెయ్యొచ్చా?

గోదారిగట్టు: వదిలెయ్యండి. ఏ సిస్టమ్ చేతికొచ్చినా నేను ముందు చేసే పని అదే.

తీగలాగు: వద్దండీ. విస్టా నుంచీ అది విండోస్‌లో భాగం, ఆపొద్దని మైక్రోసాఫ్టే చెబుతోంది. అంతగా కావాలంటే విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో డిజేబుల్డ్‌కాంపొనెంట్స్ విలువ 32 పెట్టి రీస్టార్ట్ చేస్తే పాత పద్ధతి ఐపీవీ4కి ముందు వరుస దొరుకుతుంది. అయినా ఐపీవీ6 పలక్కపోతే బ్రౌజర్లు సెకను లోపే ఐపీవీ4కి మారిపోతాయి.

గోదారిగట్టు: సీమబిడ్డ రాసింది చదివారా? కనెక్షన్ కలుస్తోంది, పేజీ సగంలో ఆగుతోంది. కలిశాక బ్రౌజర్ ఎందుకు మారుతుంది? పైగా 2024 ఆగస్టులో ఐపీవీ6 ప్యాకెట్లతో విండోస్‌లోకి చొరబడే లోపం బయటపడింది. తీవ్రత 10కి 9.8. ఆపుకున్నవాళ్ళకి ఆ భయమే లేదు.

చెరువుగట్టు: ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ కూడా అప్పుడే వచ్చిందిగా.

తీగలాగు: సగంలో ఆగేది ఎంటీయూ తంటా, అంటే ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చో ఆ హద్దుతో వచ్చేది. ఐపీవీ6లో దారిలోని రౌటర్లు పెద్ద ప్యాకెట్‌ని ముక్కలు చెయ్యవు, పెద్దదైందని కబురు వెనక్కి పంపుతాయి. ఆ కబురుని మధ్యలో ఎవరో ఆపేస్తున్నారు. చిన్న పింగ్ వెళ్ళి పేజీ నిలిచిపోయేది అందుకే. ఎంటీయూ 1280 పెట్టి చూడండి. తప్పు లైన్ ఇచ్చినవాళ్ళది.

గోదారిగట్టు: తప్పెవరిదో తేల్చుకుంటూ కూర్చుంటే నా ఉద్యోగం పోయేది. ఆఫీస్ నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ మీటింగ్ మధ్యలో తెగిపోయేది. శ్రద్ధ లేదని మేనేజర్ అందరి ముందూ అన్నాడు. టిక్ తీశాక మళ్ళీ తెగలేదు. నాకు సిద్ధాంతాలు చెప్పకండి.

తీగలాగు: అయితే నా గోడూ వినండి. ఊళ్ళో మా అమ్మ ఒక్కతే ఉంటుంది. ఇంటి కెమెరా నేరుగా చూద్దామంటే ఐపీవీ4లో కుదరదు, లైన్ ఇచ్చినవాళ్ళు పెట్టే సీజీనాట్ అనే ఏర్పాటు వెనక ఎన్నో ఇళ్ళకి ఒకే అడ్రస్. ఉన్నవే దాదాపు 430 కోట్ల అడ్రసులు, ప్రపంచానికంతా అడ్రసులు పంచే ఐయానా దగ్గర చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. నాకు మిగిలింది ఐపీవీ6 ఒక్కటే. అందరూ టిక్ తీసేసి ఊరుకుంటున్నారు, నేను ఫోన్ చేస్తే "ఎవరికీ లేని సమస్య మీకేంటి, ఆపెయ్యండి" అంటున్నారు.

గోదారిగట్టు: మీ కెమెరా కోసం తెగే లైన్ నేను భరించాలా?

తీగలాగు: భరించొద్దు. ఆపేముందు కంప్లైంట్ పెట్టమంటున్నా, అంతే.

గోదారిగట్టు: నెలనెలా డబ్బు కట్టేది నేను. వాళ్ళ లైన్ వాళ్ళు చూసుకోవాలి. నేను పెట్టను.

సీమబిడ్డ: టిక్ మళ్ళీ పెట్టి ఎంటీయూ 1280 చేశా, సైట్లు వస్తున్నాయి. వీపీఎన్ సోమవారం చూడాలి. కంప్లైంట్‌కి ఫోన్ చేస్తే ఎంటీయూ అంటే అటువైపు వాళ్ళకి అర్థం కాలేదు. ఏమని రాయను?

తీగలాగు: "ఐసీఎంపీవీ6 ప్యాకెట్ టూ బిగ్ మెసేజ్‌లు బ్లాక్ అవుతున్నాయి, నెట్‌వర్క్ టీమ్‌కి పంపండి" అని మెయిల్‌లో రాయండి. నేను చెప్పిన కబురు పేరే అది. ఫోన్‌లో వద్దు.