శ్రీకాకుళం, విజయనగరం పిల్లల మధ్య టీమ్ టెన్నిస్: ఒక్క రోజులో ఏ పద్ధతి కుదురుతుంది?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో ఒక పని తలపెట్టాను. ఆట తెలిసినవాళ్లు సలహా చెప్పండి.

మా దగ్గర రెండు సిమెంటు కోర్టులున్నాయి. పదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు సాయంత్రాలు వచ్చి ఆడతారు. ఆదివారం పొద్దున్న నేను దగ్గరుండి ఆడిస్తాను. నాకౌట్ పోటీ పెట్టినప్పుడల్లా జరిగేది ఒకటే. మొదటి రౌండులో ఓడిన పిల్లలు తొమ్మిది కొట్టేసరికి బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోతారు. ఫైనల్ వేళకి ఆ ఇద్దరు పిల్లల ఇంటివాళ్లు తప్ప కోర్టు దగ్గర ఎవరూ మిగలరు. అదే పండక్కి మా పల్లెల్లో వాలీబాల్ ఆడితే ఊరు ఊరంతా వచ్చి నిలబడుతుంది. ఆడేది మన ఊరు కదా మరి.

అందుకే ఈసారి శ్రీకాకుళం ఒక జట్టు, విజయనగరం ఒక జట్టు అనుకున్నాం. అక్కడి కోచ్‌గారు సరేనన్నారు. నా సందేహాలు ఇవి. ఒక్క రోజులో, రెండు కోర్టుల మీద ఏ పద్ధతి నడుస్తుంది? "టెన్నిస్ ఎవరి ఆట వాళ్లది, ర్యాంకింగ్ పాయింట్లు రాని దానికి రోజంతా ఎందుకు" అంటున్న తల్లిదండ్రులకి ఏం చెప్పాలి? జిల్లాల పేరు పెడితే పిల్లల మధ్య తగువులు రావు కదా?

బేస్‌లైన్ మాస్టారు (విజయనగరం)

మంచి పని తలపెట్టారు బాబూ. పద్ధతి గురించి చెబుతాను. అసలు కీలకం అక్కడే ఉంది.

దేశాల జట్ల మధ్య ఆడే డేవిస్ కప్ 1900లో మొదలైంది. 2018 దాకా ఉన్న పాత పద్ధతిలో మూడు రోజుల్లో అయిదు మ్యాచ్‌లు ఆడేవారు: మొదటి రోజు రెండు సింగిల్స్, రెండో రోజు డబుల్స్, మూడో రోజు మళ్లీ రెండు సింగిల్స్. మూడు గెలిచిన దేశానిది పైచేయి. స్కోరు 2-2 అయి అయిదో మ్యాచ్ మీద అంతా ఆగిందంటే, అంతకంటే చూడదగ్గ టెన్నిస్ నా ఎరికలో లేదు. 1966లో కలకత్తాలో బ్రెజిల్ మీద మనకి అదే జరిగింది. రామనాథన్ కృష్ణన్ బ్రెజిల్ ఆటగాడు థామస్ కోచ్ చేతిలో 1-2 సెట్లతో వెనకబడి, నాలుగో సెట్‌లో 2-5 దగ్గర ఉన్నాడు. అక్కణ్నుంచి ఆ సెట్ 7-5, అయిదోది 6-2 గెలిచి దేశాన్ని మొదటిసారి ఫైనల్‌కి తీసుకెళ్లాడు. 1987లో సిడ్నీ గడ్డి మీద ఆయన కొడుకు రమేశ్ కృష్ణన్ కూడా 2-2 దగ్గర అయిదో మ్యాచ్‌లో వాలీ మాసూర్‌ని ఓడించి, ఆస్ట్రేలియాని దాటించి ఫైనల్‌కి చేర్చాడు. రెండు ఫైనల్స్‌లోనూ మనం ఓడిపోయాం, ఆస్ట్రేలియా చేతిలో ఒకసారి, స్వీడన్ చేతిలో ఒకసారి. అయినా ఆ కాలం వాళ్లకి ఆ ఫైనల్స్ కంటే ఈ అయిదో మ్యాచ్‌లే నోట్లో ఉంటాయి.

కానీ ఆ పద్ధతిలో ఒక లోటుంది. 3-0 అయిపోతే మిగతా రెండు మ్యాచ్‌లకి విలువ లేదు. మీ పోటీలో అది రాకూడదు. చివరి పిల్లాడు రాకెట్ పట్టుకుని కోర్టులోకి దిగేటప్పటికి జట్టు గెలుపోటములు తేలిపోయి ఉంటే, మళ్లీ వాడు బ్యాగు సర్దుకునే పిల్లాడే అవుతాడు.

లేవర్ కప్ వాళ్లు దీనికి ఒక ఉపాయం చేశారు. 2017లో ప్రాగ్‌లో మొదలైన పోటీ అది, యూరప్ ఒక జట్టు, మిగతా ప్రపంచం ఒక జట్టు. రోజుకి నాలుగు మ్యాచ్‌లు. శుక్రవారం గెలుపుకి ఒక పాయింటు, శనివారం రెండు, ఆదివారం మూడు. 13 పాయింట్లు ముందు తెచ్చుకున్నవాళ్లు గెలిచినట్టు. లెక్క వేసి చూడండి: మొదటి రెండు రోజుల్లో అన్నీ గెలిచినా 12 దాటవు. ఆదివారం కోర్టులోకి దిగకుండా ఎవరూ గెలవలేరు. ఆ ఒక్క లెక్కతో మూడు రోజులూ జనం కదలరు.

మీకు ఒకటే రోజు కాబట్టి ఇలా చేయండి. జట్టుకి ఆరుగురు, నలుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. సింగిల్స్ ఆరు, ఆ తర్వాత మగపిల్లల డబుల్స్ ఒకటి, ఆడపిల్లల డబుల్స్ ఒకటి, ఆఖరున మిక్స్‌డ్ డబుల్స్. మొత్తం తొమ్మిది. ఒక్కొక్కటి ఒకే సెట్, ఆరు గేములకి. గేమ్ 40-40 అయి డ్యూస్ వస్తే, రెండు పాయింట్ల తేడా కావాలనే అడ్వాంటేజ్ వద్దు, ఒక్క పాయింటుతో గేమ్ తేల్చేయండి. 5-5 అయితే టై బ్రేక్, అంటే సెట్‌ని తేల్చే ఒక్క ఆఖరి గేమ్. ఇలా ఆడితే ఒక సెట్ అరగంట, ముప్పావుగంటలో అయిపోతుంది, రెండు కోర్టుల మీద మధ్యాహ్నం భోజనం వేళకి తొమ్మిదీ పూర్తవుతాయి. సింగిల్స్ గెలుపుకి ఒక పాయింటు, రెండు డబుల్స్‌కి రెండేసి, మిక్స్‌డ్‌కి మూడు పెట్టండి.

ఇంకొక్క మాట. పిల్లల్ని ఆటను బట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరసలో పెట్టి, ఇద్దరు కెప్టెన్లూ ముందురోజు రాత్రే జాబితాలు మార్చుకోవాలి. నాలుగో పిల్లాడికి ఎదురు నాలుగో పిల్లాడే రావాలి. అప్పుడు ప్రతి మ్యాచ్ సరిజోడుగా ఉంటుంది.

కోట జంక్షన్ (విజయనగరం)

మాస్టారూ, మీ లెక్క బాగుంది గానీ ఒకటి అడుగుతాను. ఓడిన పిల్లాడు 4-6 ఓడినా, 0-6 ఓడినా జట్టుకి సున్నాయే వస్తుంది కదా? అలాంటప్పుడు 1-5 దగ్గర వాడు ఇంకా ఎందుకు పరిగెత్తాలి?

నేనైతే గేములు కూడమంటాను. అమెరికాలో 1974లో మొదలైన వరల్డ్ టీమ్ టెన్నిస్‌లో పద్ధతి అదే ఉండేది. ఆ కాలపు మహిళా ఛాంపియన్ బిల్లీ జీన్ కింగ్ అందులో ఫిలడెల్ఫియా జట్టుకి ఆడుతూనే కోచ్‌గా కూడా ఉంది, మగవాళ్లున్న జట్టుకి. మగవాళ్ల సింగిల్స్, ఆడవాళ్ల సింగిల్స్, రెండు డబుల్స్, మిక్స్‌డ్, అన్నింట్లో గెలిచిన గేములు కూడితే వచ్చేదే జట్టు స్కోరు. ఓడిన మ్యాచ్‌లో నాలుగు గేములు గెలిచినా ఆ నాలుగూ జట్టుకి జమ. 1-5 నుంచి 4-6 దాకా లాగిన పిల్లాడికి బెంచి మీద వాళ్లంతా లేచి చప్పట్లు కొడతారు చూడండి, వాడు ఇంక టెన్నిస్ మానడు.

బేస్‌లైన్ మాస్టారు

నిజమే బాబూ. కానీ కూడికలో ఒక చిక్కుంది. ఒక జట్టులో ఇద్దరు గట్టి పిల్లలుండి 6-0, 6-0 కొట్టేశారంటే పన్నెండు గేముల తేడా పడిపోతుంది. మిక్స్‌డ్ మొదలయ్యేసరికి ఆట తేలిపోయి ఉంటుంది.

కోట జంక్షన్

దానికీ వాళ్లు దారి పెట్టారు మాస్టారూ. వెనకబడిన జట్టు ఆఖరి సెట్ గెలిచిందంటే ఆట అక్కడ ఆగేది కాదు, ఓవర్‌టైమ్ అని అదే మ్యాచ్ ఇంకా సాగేది. ముందున్న జట్టు ఒక్క గేమ్ గెలిస్తే అయిపోయినట్టు. ఈలోగా వెనకున్నవాళ్లు వరసగా గెలిచి స్కోరు సమం చేస్తే, ఒక పెద్ద టై బ్రేక్‌తో తేల్చేవారు. అంటే మిక్స్‌డ్ ఆడే ఇద్దరి మీద ఎప్పుడూ ఆశ ఉంటుంది.

టెక్కలి అమ్మ (శ్రీకాకుళం జిల్లా)

అన్నయ్యగారూ, తల్లిదండ్రుల సంగతి నేను చెబుతాను. మా అమ్మాయి టెన్నిస్ ఆడుతుంది, నేనూ అలాగే అనుకునేదాన్ని.

మన జిల్లా మనుషులకి ఒంటిగా ఆడే ఆటల మీద గౌరవం ఎక్కువ, అది న్యాయమే. వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడుగారు మన ప్రాంతం మనిషి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన పిల్ల. బరువు ఎత్తేటప్పుడు పక్కన ఎవరూ రారు, ఆ ధైర్యం పిల్లలకి రావాలని పెద్దవాళ్లు అనుకోవడంలో తప్పు లేదు. అయితే టెన్నిస్‌లో ఒంటరితనం వేరే రకం. మా అమ్మాయి బయట టోర్నమెంట్లకి వెళ్తే రోజంతా ఒక్క మనిషితో మాట్లాడదు. ఎదుటి పిల్లలు శత్రువుల్లా కనిపిస్తారు. జట్టులో ఆడినప్పుడు అదే పిల్ల పక్క కోర్టులో ఎవరు ఎంతలో ఉన్నారో అడిగి, పరిగెత్తుకెళ్లి నీళ్లు అందిస్తుంది. ఆట మెరుగుపడింది కూడా. అడ్డమైన షాట్లు కొట్టడం తగ్గించి బంతి కోర్టులో వేస్తోంది, పోగొట్టుకునేది తన ఒక్కదానిదే కాదని తెలుసు కాబట్టి.

పెద్ద ఆటగాళ్ల విషయంలోనూ ఇది కనిపిస్తుంది. 1995లో ఢిల్లీలో డేవిస్ కప్‌లో క్రొయేషియా మీద లియాండర్ పేస్ రెండు సెట్లు ఓడి, మిగతా మూడూ గెలిచి గోరాన్ ఇవానిసెవిచ్‌ని పడగొట్టాడు. అప్పటికే ఇవానిసెవిచ్ రెండుసార్లు వింబుల్డన్ ఫైనల్ ఆడినవాడు. సింగిల్స్ టూర్లో పేస్ ఆ స్థాయి మనిషి కాదు, దేశం తరఫున దిగితే మాత్రం అయ్యేవాడు. ఈ ఒక్క మ్యాచ్ సంగతి ఆ తల్లిదండ్రులకి చెప్పండి చాలు.

ఆడపిల్లల గురించి ఒక మనవి. మాస్టారి పద్ధతిలో మిక్స్‌డ్ ఆఖరున పెట్టి మూడు పాయింట్లు ఇచ్చారు, అది మార్చకండి. ఆస్ట్రేలియాలో 2023 నుంచి దేశాల జట్లు ఆడుతున్న యునైటెడ్ కప్‌లో కూడా ఒక మగ సింగిల్స్, ఒక ఆడ సింగిల్స్ అయ్యాక మిక్స్‌డ్‌తోనే రెండు జట్ల పోటీ ముగుస్తుంది. ఆడపిల్ల ఆట మీద జట్టు ఫలితం ఆధారపడితేనే ఇంట్లోవాళ్లు పంపడం మానరు.

నాగావళి గట్టు

అమ్మా, ఇది చదివాక ఇద్దరు తండ్రులకి ఫోన్ చేశాను. ఒకాయన ఒప్పుకున్నారు. తగువుల గురించి ఎవరైనా చెప్పండి. లైన్ కాల్స్ దగ్గర మావాళ్లు గట్టిగానే అరుస్తారు.

రెండో సర్వ్ (బొబ్బిలి)

పోటీ గట్టిగా ఉండనివ్వండి అన్నా, పలచన చేయకండి. పిల్లలకి కావలసింది అదే. క్రిస్ ఎవర్ట్, మార్టినా నవ్రతిలోవా ఒకరి మీద ఒకరు 80 మ్యాచ్‌లు ఆడారు, 43 మార్టినావి, 37 క్రిస్‌వి. అంత పోరులోనూ ఇద్దరూ జోడీ కట్టి 1976లో వింబుల్డన్ డబుల్స్ గెలిచారు. పదేళ్ల తర్వాత 1986లో ఆడవాళ్ల దేశాల జట్ల పోటీ ఫెడరేషన్ కప్ ప్రాగ్‌లో జరిగితే ఇద్దరూ అమెరికా జట్టుకే ఆడారు. 1975లో చెకొస్లొవాకియా వదిలి వెళ్లిపోయిన మార్టినా అప్పుడే మళ్లీ ఆ గడ్డ మీద అడుగుపెట్టింది. ఫైనల్‌లో ఎదుట ఉన్నది చెకొస్లొవాకియా జట్టే, అయినా అక్కడి జనం ఆమెకి చప్పట్లు కొట్టారు. ఫెడరర్, నాదల్ సంగతీ అంతే. 40 మ్యాచ్‌లలో 24 నాదల్ గెలిచాడు. 2022లో లండన్‌లో ఫెడరర్ ఆఖరి మ్యాచ్‌కి పక్కన నిలబడింది నాదలే, లేవర్ కప్ డబుల్స్‌లో.

మీ పిల్లల చేత కూడా ఇదే చేయించండి. విజయనగరం బస్సు దిగగానే, అసలు పోటీకి ముందు, ఊరికి ఒకరు చొప్పున కలిపి డబుల్స్ జోడీలు వేసి పావుగంట ఆడించండి. జట్లు విడిపోయేసరికి ఎదుటివాడి పేరు, ఎడమచేతి వాటమా కాదా అన్నీ తెలిసి ఉంటాయి. ఆ తర్వాత ఎంత గట్టిగా ఆడుకున్నా పరవాలేదు.

కాల్స్‌కి ఒకటే నియమం. ఎవరి వైపు గీతలు వాళ్లవే, సందేహం వస్తే బంతి లోపల పడ్డట్టే, పాయింటు ఎదుటివాళ్లకే. ప్రతి కోర్టుకి పెద్దమనిషి ఒకరు కుర్చీలో కూర్చోవాలి, ఆయన పిల్లలు ఆ కోర్టులో ఆడకూడదు. తల్లిదండ్రులు కంచె బయటే ఉండాలి. జట్టు మాత్రం లోపల బెంచి మీద ఉండాలి, డేవిస్ కప్‌లో లాగా కెప్టెన్ కోర్టు పక్కనే కూర్చుని వైపు మారినప్పుడు పిల్లాడితో మాట్లాడాలి. కెప్టెన్ పెద్దవాడు కాకుండా జట్టులో పెద్ద పిల్లే అయితే మరీ మంచిది.

ఇంకొకటి, జనవరిలో సిమెంటు కోర్టు మీద మంచు పడి ఎనిమిది దాకా జారుతుంది. ఎనిమిదిన్నరకి ముందు బంతి వేయకండి.

నాగావళి గట్టు

అందరికీ చేతులెత్తి దండం. ఇద్దరు కోచ్‌లం మాట్లాడుకుని ఇలా నిర్ణయించాం. తొమ్మిది సెట్లు, వరస మాస్టారు చెప్పినదే. స్కోరు మాత్రం గేముల కూడిక, ఆఖరి మిక్స్‌డ్‌కి ఓవర్‌టైమ్ ఉంటుంది. నాలుగో పిల్లాడు 4-6 ఓడినా ఆ నాలుగూ బోర్డు మీద కనిపించాలన్న మాట మా ఇద్దరికీ బాగా నచ్చింది. తేడా ఎక్కువ పడకుండా జాబితాలు ఆటను బట్టే వేస్తాం. ఎనిమిదిన్నరకి కలిపిన జోడీలు, తొమ్మిదికి మొదటి సెట్.

పదేళ్ల పిల్లలు ఇద్దరున్నారు. వాళ్లని మామూలు పసుపు బంతితోనే ఆడించొచ్చా?

బేస్‌లైన్ మాస్టారు

వద్దు బాబూ. పదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లల పోటీలకి మామూలు బంతి వాడకూడదని అంతర్జాతీయ సమాఖ్య 2012 నుంచే నియమం పెట్టింది. ఆకుపచ్చ చుక్క బంతులు తెప్పించండి, ఆ వయసు పిల్లలకి అవి సరిపోతాయి. వాళ్లిద్దర్నీ ఒకరి మీద ఒకరినే పెట్టి, వాళ్ల గేములు కూడా బోర్డు మీద రాయండి. కుర్చీలో కూర్చోడానికి మావైపు నుంచి ఇద్దరం వస్తాం, స్కోరు బోర్డు మాత్రం మీరే చూసుకోండి. కంచె బయట ఉన్నవాళ్లకి కూడా కనిపించేంత పెద్దది పెట్టండి.