డబుల్ క్లిక్ చేస్తే నడిచే బ్యాట్ ఫైల్, పైథాన్ నుంచి పిలిస్తే మొరాయిస్తోంది

ఆదోని_కాటా:
అందరికీ నమస్కారం. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలూ కంప్యూటర్లూ రెండూ నేనే చూస్తాను. కాటా దగ్గరి సిస్టమ్‌లో పత్తి బండ్ల తూకాలు రోజంతా సీఎస్‌వీ ఫైళ్లుగా పడుతుంటాయి. రాత్రి 11కు ఒక బ్యాట్ ఫైల్ (విండోస్ కమాండ్లు వరసగా రాసిన ఫైల్) వాటిని రోబోకాపీతో, అంటే విండోస్‌లోనే ఉండే కాపీ ప్రోగ్రాముతో, జెడ్ డ్రైవ్‌లోకి, అంటే ఆఫీసు సిస్టమ్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లోకి పంపాలి. టైముకు పనులు మొదలెట్టే విండోస్ టాస్క్ షెడ్యూలర్ పైథాన్ స్క్రిప్టును లేపుతుంది, స్క్రిప్టు సబ్‌ప్రాసెస్‌తో (వేరే ప్రోగ్రాములను నడిపే పైథాన్ మాడ్యూల్) బ్యాట్‌ను పిలుస్తుంది. చేత్తో డబుల్ క్లిక్ చేస్తే చక్కగా పోతుంది. రాత్రిపూట మాత్రం లాగ్‌లో ‘ద సిస్టమ్ కెనాట్ ఫైండ్ ద పాత్ స్పెసిఫైడ్’ అని పడుతోంది. అసలే సీజను. పొద్దున ఓనరు వచ్చేసరికి లెక్క ఉండకపోతే నా పని అంతే. టెన్షన్‌గా ఉంది.

ప్రొద్దుటూరు_పద్దులు:
ముందు ఏ ఫోల్డర్‌లో నిలబడి నడుస్తోందో చూడన్నా. డబుల్ క్లిక్ చేస్తే బ్యాట్ తన ఫోల్డర్‌లోనే మొదలవుతుంది. షెడ్యూలర్‌లో ‘స్టార్ట్ ఇన్’ గడి ఖాళీగా వదిలితే విండోస్ సొంత ఫోల్డర్ సిస్టమ్32 నుంచి మొదలవుతుంది. మన ఫైళ్లు అక్కడెందుకుంటాయి? బ్యాట్‌లో పైనే ఈ లైన్ పెట్టు, అది తన ఫోల్డర్‌లోకే మారుతుంది (ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో రాస్తున్నా, నువ్వు ఇంగ్లీషులో కొట్టుకో):

సీడీ /డీ "%~డీపీ0"

ఆ గడి నింపాలనుకుంటే మాత్రం అందులో కోట్స్ పెట్టొద్దు. పాత్‌లో ఖాళీలున్నా సరే. పెడితే టాస్క్ మొదలే కాదు.

గుంతకల్లు_జంక్షన్:
అది సగమే. అసలు తిరకాసు జెడ్ డ్రైవ్‌తో. డ్రైవ్ అక్షరాలు లాగిన్ అయిన సెషన్‌కే పరిమితం. టాస్క్‌లో ‘యూజర్ లాగిన్ అయి ఉన్నా లేకపోయినా నడుపు’ అని పెట్టి ఉంటావు కదా? ఆ సెషన్‌కు నీ జెడ్ కనబడదు. రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ పాత్ ఇవ్వు. దానికిందే పాస్‌వర్డ్ దాచొద్దు అనే టిక్ ఒకటుంటుంది, అది ఉంటే తీసెయ్. ఉన్నంతసేపూ ఆ టాస్క్ లోకల్ సిస్టమ్ దాటి బయటికి పోలేదు.

ఇంకోటి. ఆ నెట్‌వర్క్ పాత్‌లోకి సీడీ కొడితే సీఎండీ (బ్యాట్‌ను నడిపే విండోస్ ప్రోగ్రాము) ఒప్పుకోదు. లోపలికి వెళ్లి తీరాలంటే పుష్‌డీ వాడాలి, అది తాత్కాలికంగా ఒక డ్రైవ్ అక్షరం తగిలిస్తుంది. కాపీ చేయడానికి మాత్రం ఆ అవసరం లేదు.

ఆదోని_కాటా:
అన్నలిద్దరికీ థ్యాంక్స్. ఫైళ్లు పోతున్నాయి. కానీ ఇప్పుడు ఇంకో వింత. అన్నీ చేరాక కూడా పైథాన్ ఫెయిల్ అని ఎర్రర్ విసురుతోంది, రిటర్న్ కోడ్ (ప్రోగ్రాము ముగిశాక ఇచ్చే ఫలితం అంకె) 1. యార్డుకు సెలవై బండ్లు రాని రోజు మాత్రం సక్సెస్ అంటోంది! సబ్‌ప్రాసెస్ రన్‌లో చెక్ ఈక్వల్స్ ట్రూ అని ఇచ్చాను, అంటే కోడ్ 0 కాకపోతే ఎర్రర్ వేయమని.

ప్రొద్దుటూరు_పద్దులు:
హహ, రోబోకాపీ అంతే. మిగతా ప్రోగ్రాములకు మామూలుగా 0 తప్ప ఏదొచ్చినా తప్పే. దీనికి 0 అంటే కాపీ చేయడానికి కొత్తవేమీ లేవని, 1 అంటే కాపీ అయ్యాయని. 7 దాకా భయం లేదు, 8 నుంచీ అసలు తప్పులు. పైథాన్‌కు ఈ సంగతి తెలీదు. కాబట్టి రోబోకాపీ లైన్ కిందే:

ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 8 ఎగ్జిట్ /బీ 1
ఎగ్జిట్ /బీ 0

ఎర్రర్‌లెవెల్ 8 అంటే ‘8 గానీ అంతకంటే ఎక్కువ గానీ’ అని, సరిగ్గా 8 అని కాదు. మధ్యలో ఇంకో లైన్ ఏదీ దూర్చకు, కోడ్ మారిపోవచ్చు.

కడప_కోడర్:
ఇంత తంటా ఎందుకు బ్రో? బ్యాట్ తీసేసి పైథాన్‌లోనే ఉండే ఫైల్ కాపీ మాడ్యూల్ షుటిల్‌తో కాపీ చేసుకుంటే పోదా?

గుంతకల్లు_జంక్షన్:
పది ఫైళ్లయితే నువ్వన్నదే రైట్. నెట్‌వర్క్ మధ్యలో తెగి మళ్లీ వచ్చేచోట నేను రోబోకాపీనే నమ్ముతాను. కానీ దాని డీఫాల్టులు చూస్తే కళ్లు తిరుగుతాయి: ఒక్కో ఫైల్‌కు 10 లక్షల సార్లు ప్రయత్నం, ప్రతిసారీ 30 సెకన్ల ఆగుడు. ఆఫీసు సిస్టమ్ ఆపేసి ఇంటికెళ్లారనుకో, తెల్లారేదాకా అక్కడే కూర్చుంటుంది. /ఆర్:3 /డబ్ల్యూ:10 (3 సార్లు మళ్లీ ప్రయత్నం, 10 సెకన్ల ఆగుడు) తప్పకుండా ఇవ్వాలి. పైథాన్‌లో టైమౌట్ పెట్టానులే అనుకోవద్దు, అది సీఎండీని చంపుతుంది గానీ దాని కింద పుట్టిన రోబోకాపీ బతికే ఉంటుంది. దాన్ని కూడా కలిపి చంపాలంటే ప్రోగ్రాములను ఆపే టాస్క్‌కిల్ కమాండ్‌కు /టీ ఇవ్వాలి.

బ్యాట్ చివర పాజ్ (కీ నొక్కేదాకా ఆగే కమాండ్) ఉంటే తీసెయ్. రాత్రి 11కు కీ నొక్కేవాడెవడు? ఒక బ్యాట్ ఇంకో బ్యాట్‌ను పిలుస్తుంటే ముందు కాల్ అని రాయి, లేదంటే మొదటి బ్యాట్‌లోకి తిరిగి రాదు.

కడప_కోడర్:
ఆ 10 లక్షల సంగతి తెలీదు, ఒప్పుకున్నా 😄 మా దగ్గర కరెంటు పోయి టాస్క్ తప్పిపోతుంటుంది. సెట్టింగ్స్‌లో ‘తప్పిపోతే వీలైనంత త్వరగా నడుపు’ అనేది టిక్ చేసుకున్నాం. ల్యాప్‌టాప్ అయితే కండిషన్స్‌లో ‘ఏసీ పవర్ ఉంటేనే’ అన్నది కూడా చూసుకోండి, మామూలుగా అది టిక్ అయ్యే ఉంటుంది.

ఆదోని_కాటా:
ఆఫీసు సిస్టమ్ కావాలనే ఆపేసి నడిపి చూశాను. రోబోకాపీ ఆగి ఆగి ప్రయత్నించి, 16 కోడ్‌తో బయటికొచ్చింది, బ్యాట్ 1 ఇచ్చింది, స్క్రిప్టు నా ఫోన్‌కు మెయిల్ కొట్టింది. మళ్లీ ఆన్ చేసి నడిపితే తూకాలన్నీ చేరాయి, ఎర్రర్ లేదు. మా బ్యాట్‌లో పాజ్ నిజంగానే ఉంది, తీసేశాను.