టెంప్ ట్రాక్ సంగీతకర్తకు దారి చూపుతుందా, చేతులు కట్టేస్తుందా?

స్వరలేఖ:

సినిమాకు నేపథ్య సంగీతం చేసేవారిని, ఎడిటర్లను, దర్శకులను ఒక ప్రశ్న అడగదలిచాను. ఎడిటింగ్ దశలో వేరే సినిమా నుంచో, ఏదో ఆల్బమ్ నుంచో తెచ్చిన సంగీతాన్ని దృశ్యం కింద తాత్కాలికంగా పరచడం, ఆ కాపీనే సంగీతకర్తకు పంపడం ఇప్పుడు మామూలైపోయింది. టెంప్ ట్రాక్ అని మనం పిలిచేది దీన్నే. అది ఎడిటింగ్ గదిలో ఉండడానికి నాకు అభ్యంతరం లేదు. సంగీతకర్త ఆ దృశ్యాన్ని మొదటిసారి చూసేటప్పుడు మాత్రం అది వినిపించకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇటీవల నా దగ్గరకొక దృశ్యం వచ్చింది. ఒక తల్లి కిటికీ దగ్గర నిలబడి కొడుకు రాసిన ఉత్తరం చదువుకుంటూ ఉంటుంది. మాటల్లేవు, నిడివి సుమారు నిమిషంన్నర. దాని కింద నెమ్మదిగా సాగే వయొలిన్ల బృందం పెట్టారు. ఒక్కసారే విన్నాను. ఆ పూటంతా హార్మోనియం మీద ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి తిరిగి ఆ వయొలిన్ల దగ్గరికే చేరాను. సరే, శబ్దం ఆపేసి చూద్దామని కూర్చుంటే అసలు సంగతి బయటపడింది. ఆ సంగీతం వేగం నిమిషానికి 72 బీట్లు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఒక్కో బీట్‌కు సరిగ్గా 20 ఫ్రేములు, నాలుగు బీట్లకు 80 ఫ్రేములు. దృశ్యంలో కట్లు, అంటే ఒక షాట్ నుంచి ఇంకొక షాట్‌కు మారే చోట్లు కూడా 80 ఫ్రేములకో, 160 ఫ్రేములకో పడుతున్నాయి. ధ్వనిని తీసేశాను గానీ దాని నడక బొమ్మలో మిగిలే ఉంది. ఆ తల్లి తల ఎత్తడం, ఉత్తరం మడవడం, కిటికీ అవతల చెట్టు కనిపించడం, అన్నీ ఎవరో ఎప్పుడో వేరే కథకు కట్టిన తాళానికి జరుగుతున్నాయి. అలాంటప్పుడు సంగీతకర్త చేస్తున్నది స్వరకల్పనా, ఖాళీలు పూరించడమా అన్నది నా బాధ.

కూర్పరి:

నేను చాలాకాలంగా ఎడిటింగ్ చేస్తున్నాను కాబట్టి అటువైపు మాట చెబుతాను. మొదటి కాపీ చూసే నిర్మాతలకూ, పంపిణీదారులకూ మాటల్లేని నిమిషంన్నర దృశ్యాన్ని నిశ్శబ్దంగా చూపిస్తే, అది సాగతీతగా ఉంది, సగానికి కోయండి అంటారు. టెంప్ ట్రాక్ లేకపోతే మీ తల్లి దృశ్యం మీ దాకా వచ్చేది కాదు. పైగా లయ లేకుండా ఎడిటింగ్ సాగదు. సంగీతం లేకపోయినా నా చేయి ఏదో ఒక తాళం వేసుకుంటూనే కట్ చేస్తుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. తాత్కాలికంగా పెట్టినదే కొన్నిసార్లు సరైనదవుతుంది. 1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి అలెక్స్ నార్త్ సంగీతం రాశారు. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ దాన్ని పక్కనపెట్టి, ఎడిటింగ్‌లో వాడుకున్న శాస్త్రీయ రచనలనే సినిమాలో ఉంచారు. అంతరిక్ష నౌకలు యోహాన్ స్ట్రాస్ వాల్ట్జ్‌కు, అంటే మూడు బీట్ల నాట్య సంగీతానికి తిరగడం చూసినవారెవరూ దాన్ని మరిచిపోలేదు. అది తప్పని ఎవరు అనగలరు?

కొత్త మెట్టు:

నేను ఈ పనిలోకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. నిజం చెప్పాలంటే టెంప్ ట్రాక్ లేకపోతే నాకు భయం. దర్శకులు ‘కొంచెం బరువుగా, కానీ ఏడుపు కాకుండా’ అంటారు. ఆ మాటకు పది మంది పది రకాల సంగీతం కడతారు. పది రోజులు పనిచేశాక ‘ఇది కాదు’ అనిపించుకోవడం కంటే ముందే ఒక నమూనా వినడం నయం. మన పారితోషికాలు చాలావరకు మొత్తంగా ఒకేసారి మాట్లాడుకునేవి. మళ్లీ మళ్లీ చేసే మార్పులకు విడిగా ఎవరూ ఇవ్వరు.

పాత హార్మోనియం:

కొత్త మెట్టు గారూ, మీ భయం న్యాయమైనదే, కానీ ఆ నమూనాతో పాటు మీ మీద పడే భారాన్ని కూడా చూడండి. ‘అచ్చం ఇలాగే ఉండాలి, కానీ కాపీ కాకూడదు’ అని దర్శకుడు నోటిమాటగా చెబుతారు. మీరు సంతకం పెట్టే ఒప్పందంలోనేమో ఈ సంగీతం పూర్తిగా నా సొంత రచన, ఎవరైనా హక్కుల దావా వేస్తే బాధ్యత నాది అని రాసి ఉంటుంది. అనుకరించమన్నవారు ఒకరు, కోర్టుకు జవాబు చెప్పుకోవలసినవారు మరొకరు. నా అనుభవంలో ఒక నిర్మాణ సంస్థ ఒక ముక్కను నాలుగుసార్లు వెనక్కి పంపింది. ప్రతిసారీ నేను మూలానికి ఇంకొంచెం దగ్గరికి జరిగాను. అయిదోసారి వారి న్యాయవాదే ఇది మరీ దగ్గరగా ఉందని ఆపేశారు. మొదట నేను కట్టిన ముక్కకు అప్పటికి ఎవరి మనసులోనూ చోటు లేదు.

కూర్పరి గారు చెప్పిన ఉదాహరణలో రెండో సగం కూడా చెప్పుకోవాలి. నార్త్ తన సంగీతాన్ని రాయడమే కాదు, ఆర్కెస్ట్రాతో రికార్డు కూడా చేశారు. అది వాడలేదన్న విషయం ఆయనకు పూర్తయిన సినిమా చూస్తున్నప్పుడే తెలిసింది. ఆయన కుబ్రిక్‌కు కొత్తవారు కూడా కాదు, 1960లో వచ్చిన ‘స్పార్టకస్’కు కలిసి పనిచేసినవారే. ఆ సంగీతాన్ని నార్త్ మరణించాక 1993లో జెర్రీ గోల్డ్‌స్మిత్ అనే మరో సంగీతకర్త మళ్లీ రికార్డు చేయించారు. సినిమా గొప్పదే, కుబ్రిక్ ఎంపిక గొప్పదే, అందులో నాకు సందేహం లేదు. అయినా అంతగా ప్రేమించిన టెంప్ ట్రాక్ ఉన్నప్పుడు ఇంకొక మనిషిచేత రాత్రింబవళ్లు అంత సంగీతం ఎందుకు రాయించాలి? ముందే చెప్పి ఉండవలసింది.

1960 నాటి ‘సైకో’ను తీసుకోండి. స్నానాల గది హత్య దృశ్యానికి సంగీతమే వద్దని ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ మొదట అనుకున్నారు. సంగీతకర్త బెర్నార్డ్ హెర్మన్ కేవలం తీగ వాద్యాలతోనే ఒక ముక్క రాసి వినిపించాక ఆయన మనసు మార్చుకున్నారు. దర్శకుడు ఊహించని చోట నుంచి ఆ వయొలిన్ల అరుపు వచ్చింది. దర్శకుడు ముందే ఏదైనా పెట్టి ఉంటే, అది తనకు తెలిసిన సంగీతమే అయి ఉండేది కదా.

కూర్పరి:

ఒప్పందం విషయం నాకు తెలియదు, తెలిశాక కొంచెం సిగ్గుగా ఉంది. మేము టైమ్‌లైన్‌లో ఒక పాట లాగి పెట్టడానికి అర నిమిషం పడుతుంది. దాని వెనక ఇంత ఉంటుందని ఆలోచించలేదు. అయినా హిచ్‌కాక్, హెర్మన్ లాంటి జోడీలు ఎన్ని ఉంటాయి? మా దగ్గరికి సంగీతకర్త పేరు ఖాయమయ్యేసరికి విడుదల తేదీ నెత్తిమీద ఉంటుంది. అంత తక్కువ సమయంలో అందరి చెవులనూ ఒకేచోటికి తేవడానికి టెంప్ ట్రాక్ కంటే వేగమైన సాధనం ఏదో మీరే చెప్పండి.

పాత హార్మోనియం:

సమయం తక్కువ అన్నది నిజం, కానీ దానికి మందు నమూనా ఒక్కటే కాదు. 1974 నాటి ‘చైనాటౌన్’కు ముందు చేసిన సంగీతాన్ని తీసేసి గోల్డ్‌స్మిత్‌ను పిలిచారు. ఆయన 10 రోజుల్లో రాశారు. ఒక ట్రంపెట్, నాలుగు పియానోలు, నాలుగు హార్ప్‌లు, తీగ వాద్యాలు, కొద్దిగా తాళవాద్యాలు. వాద్యాల ఎంపిక దగ్గరే సగం పని అయిపోయింది. అంతకంటే మంచిది సంగీతకర్తను ముందే పిలవడం. ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’కు ఎన్నియో మొరికోనె ముఖ్యమైన బాణీలను చిత్రీకరణకు ముందే సిద్ధం చేస్తే, సెర్జియో లియోనె వాటిని సెట్‌లో వినిపిస్తూ తీశారు. కూర్పరి గారూ, మీకు ఎడిటింగ్‌లో లయ కావాలి, అది ఆ సినిమా సంగీతకర్తదే అయితే మీకేం నష్టం?

కొత్త మెట్టు:

నష్టం వారికి కాదు, మాకు. చిత్రీకరణకు ముందు నుంచీ బాణీలు ఇస్తూ పోతే ఆ నెలలకు డబ్బు ఎవరు ఇస్తారు? మొరికోనె స్థాయి వారు అడగగలరు. నేను అడిగితే ఇంకొకరిని పిలుస్తారు. ఇంకొక సంగతి, టెంప్ ట్రాక్‌లో వినిపించేది నిండు ఆర్కెస్ట్రా. నా దగ్గర కంప్యూటర్ స్వరాలు, వాటి మీద ఒక్క వయొలిన్ వాయించే స్నేహితుడు. దర్శకుడు రెండూ పక్కపక్కన విని, నాది బలంగా లేదంటారు. బలం లేనిది బాణీలోనా, బడ్జెట్‌లోనా అని అడగడానికి నోరు రాదు.

స్వరలేఖ:

కొత్త మెట్టు గారు చెప్పినదే ఈ చర్చలో అన్నిటికంటే బరువైన మాట. ముందుగా ఇచ్చే బాణీలకు విడిగా పారితోషికం రాయించుకోవాలి, మార్పులు ఎన్నిసార్లన్నది ఒప్పందంలో అంకెగా ఉండాలి. ఇది ఒక్కరు అడిగితే జరగదు, అనుభవమున్నవారు ముందు అడిగితేనే కొత్తవారికి దారి పడుతుంది. నేను ఇకనుంచి అడుగుతాను.

రోజువారీ పనిలో నేను చేస్తున్నది కూడా చెబుతాను. సంభాషణలు ఒక చానల్‌లో, టెంప్ ట్రాక్ వేరే చానల్‌లో పెట్టి పంపమని ఎడిటర్‌ను కోరుతాను. ముందు టెంప్ లేకుండా చూసి నా ముక్క ఒకటి రాసుకుంటాను. ఆ తరువాతే రెండో చానల్ తెరుస్తాను, దర్శకుడి కోరిక ఏమిటో తెలుసుకోవడానికి. అప్పుడు దర్శకుడిని ‘ఇందులో మీకు నచ్చింది ఏది, వేగమా, వాద్యమా, నిశ్శబ్దమా?’ అని అడుగుతాను. చాలాసార్లు బాణీ కాదని తేలుతుంది.

ఆ తల్లి దృశ్యం చివరికి ఇలా అయింది. కట్లు 80 ఫ్రేములకే ఉంచి, నాలుగు బీట్లను మూడు చేశాను. అప్పుడు వేగం నిమిషానికి 54 బీట్లు, చతురశ్రం పోయి త్రిశ్రం వచ్చింది. అవే కట్ల మీద వేరే నడక. వయొలిన్లు తీసేసి ఒక్క వేణువు పెట్టాను. దర్శకుడు విని, ఈ మధ్య ఎడిటింగ్ ఏమైనా మార్చారా అని అడిగారు. ఒక్క ఫ్రేము కూడా మారలేదు.

కూర్పరి:

బాగుంది. కానీ ఒక మాట ఒప్పుకోండి. ఆ 80 ఫ్రేముల కొలత మీకు ఇచ్చింది ఆ టెంప్ ట్రాకే.

స్వరలేఖ:

ఒప్పుకుంటున్నాను. ఆ కొలతను మీరు ఒక కాగితం మీద రాసి పంపినా నాకు సరిపోయేది. ఆ పూటంతా వేరేవారి వయొలిన్లను మరిచిపోవడానికి ఖర్చుచేశాను.

కూర్పరి:

వచ్చే సినిమాకు నిడివి, వేగం, కట్ల పట్టిక ముందు పంపుతాను. పాట ఫైలు మీరు అడిగాకే.