రొయ్యల చెరువు జనరేటర్ సెల్ఫ్ మోటార్: ఉప్పుగాలికి నిలబడాలంటే ఏం మార్చాలి?

ప్రశ్న: గట్టుమీద జెన్‌సెట్ (విడవలూరు వైపు)

సముద్రానికి దగ్గర చెరువులు. నాలుగు సిలిండర్ల డీజిల్ జనరేటర్, 12 వోల్టులు, పాత రకం డైరెక్ట్ డ్రైవ్ సెల్ఫ్ (లోపల వేగం తగ్గించే గేర్లు లేనిది), ఆటో స్టార్ట్ ప్యానెల్. బ్యాటరీ నుంచి సెల్ఫ్ దాకా 2 మీటర్ల కేబుల్, 16 స్క్వేర్ ఎంఎం. రాత్రి కరెంటు పోయి నీళ్లు చిలికే ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ ఎట్టా పడిపోద్దో చెరువులోళ్లకి చెప్పక్కర్లేదు. సెల్ఫ్ మొదటి దెబ్బకే అందుకోవాలి. ఇదేమో ఒకోసారి టకటకమని కొట్టుకుంటుంది, ఒకోసారి ఒక్క క్లిక్ ఇచ్చి ఊరుకుంటుంది. సోలనాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) కొత్తదేసినా ఎక్కువ కాలం నిలవడం లేదు. గేర్ రిడక్షన్ సెల్ఫ్ వేయమని ఒకరు, ఉన్నదాన్నే చుట్టూ సిలికాన్ పూసి సీల్ చేయమని ఇంకొకరు. ఏది మేలు?

జవాబు: కావలి ఆటో ఎలక్ట్రికల్

అన్నా, ఆ రెండూ తర్వాత. 16 స్క్వేర్ ఎంఎం కేబుల్ ఆ సెల్ఫ్‌కి చాలదు. రాను 2 మీటర్లు, పోను 2 మీటర్లు, మొత్తం 4 మీటర్ల రాగి. దాని రెసిస్టెన్స్ 4.4 మిల్లీ ఓములు. 300 ఆంపియర్లు లాగితే ఒక్క తీగలోనే 1.3 వోల్టులు పోతాయి. 35 వేస్తే 0.6, 70 వేస్తే 0.3. ఇలాంటి సిరీస్ మోటార్‌లో టార్క్ (తిప్పే బలం) దాదాపు కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, బిగిసి ఉన్న ఇంజన్‌ని కదిలించేటప్పుడు ఆ ఒక్క వోల్టే తేడా తెచ్చేస్తుంది.

టకటకకి కారణం కూడా అక్కడే ఉంటుంది. సోలనాయిడ్‌లో రెండు చుట్లు: ఒకటి లాగేది, ఒకటి పట్టి ఉంచేది. లోపలి రాగి బిళ్ల రెండు బోల్టులకి తగలగానే లాగే చుట్టు పనిచేయడం మానేస్తుంది, పట్టేది ఒక్కటే మిగులుతుంది. అదే క్షణంలో మోటార్ కరెంటు లాగి వోల్టేజ్ పడిపోతే అది పట్టలేదు. స్ప్రింగ్ వెనక్కి తోస్తుంది, వోల్టేజ్ లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ప్రతి టక్కుకీ బిళ్ల మీద నిప్పురవ్వ. అది కాలి గుంటలు పడితే ఒక్క క్లిక్‌తో ఆగిపోద్ది, అతుక్కుపోతే ఇంజన్ అందుకున్నాక కూడా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. బ్యాటరీని తెంచే ఐసొలేటర్ స్విచ్ చేతికి అందే చోట పెట్టమనేది ఇందుకే.

ముందు ఈ కొలతలు తీయండి. స్టాప్ లివర్ లాగి పట్టుకుని (ఇంజన్ అందుకోకూడదు) 5 సెకన్లు తిప్పుతూ చూడాలి:

బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి సోలనాయిడ్ పెద్ద బోల్టుకి: 0.5 వోల్టు దాటకూడదు. మీటర్ ముల్లు క్లాంప్ మీద కాదు, సీసం పోస్టు మీదే ఆనించాలి.
సెల్ఫ్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్ పోస్టుకి: 0.3 లోపు.
బ్యాటరీ రెండు పోస్టుల మధ్య: 9.6 కంటే కిందకి పోతే బ్యాటరీనే అనుమానించాలి.

గట్టుమీద జెన్‌సెట్

కొలిచాను. డీసీ క్లాంప్ మీటర్లో 300 ఆంపియర్ల దరిదాపు. పోస్టుల దగ్గర 10.2, ప్లస్ వైపు 1.1, ఎర్త్ వైపు 1.4.

కావలి ఆటో ఎలక్ట్రికల్

బ్యాటరీకి రోగం లేదు. 10.2లో 2.5 పోయి సెల్ఫ్‌కి చేరేది 7.7. వాట్లలో 750, అంటే ఒక హార్స్‌పవర్ దారిలోనే వేడై పోతోంది. ఒక్కో వైపు కేబుల్ వాటా 0.65, మిగతాది జాయింట్లది. ఎర్త్ వైపు ఎక్కువ పోతోందంటే మైనస్ తీగ పెయింట్ ఉన్న ఛాసిస్‌కి బిగించి ఉంటారు, కింద పచ్చ చిలుము పట్టి ఉంటుంది. మైనస్‌ని నేరుగా సెల్ఫ్ బిగించిన బోల్టు కిందకే తీసుకురండి, ఆనే చోట లోహం మెరిసేదాకా గీకండి. కేబుల్ 70 స్క్వేర్ ఎంఎం, వీలుంటే తగరం పూత రాగి. కేబుల్ చివరి థింబుల్ సుత్తితో నలగ్గొట్టకుండా హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ వేయండి. బిగించాక పైన వాజలిన్.

సోలనాయిడ్ చిన్న తీగ ప్యానెల్ దాకా పోయి తిరిగొస్తుంటే అక్కడా వోల్టేజ్ పోద్ది. లాగే క్షణంలో ఆ తీగలో కరెంటు 40 ఆంపియర్లు దాటొచ్చు. సెల్ఫ్ పక్కనే 70 ఆంపియర్ రిలే పెట్టి, ప్యానెల్ తీగతో రిలేని మాత్రమే ఆడించండి.

జవాబు: చీమకుర్తి హెవీ వెహికల్స్

సీలింగ్ విషయంలో జాగ్రత్త. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ రకమే వాడాలి, అదీ సోలనాయిడ్ మూత, కవర్ జాయింట్ల వరకే. మొత్తం మూసేస్తే వేడెక్కి చల్లారినప్పుడల్లా తేమని లోపలికి పీల్చుకుంటుంది, అది బయటికి పోదు. కింద ఉన్న డ్రెయిన్ రంధ్రం తెరిచే ఉండాలి, బిగించాక అది నిజంగా నేల వైపే ఉండాలి. సోలనాయిడ్ పైకి వచ్చేలా బిగించడమూ ఇందుకే.

మా క్వారీల్లో ఉప్పు కాదు, రాతి దుమ్ముతో బాధ. రెండు చోట్లా ఒకే పొరపాటు చూస్తుంటాం: బెండిక్స్ (పినియన్ అనే చిన్న పళ్ల చక్రం ఉండే భాగం) జారే స్ప్లైన్, అంటే గాడుల షాఫ్ట్, మీద గ్రీజు దట్టించడం. దుమ్ము పట్టి పినియన్ ముందుకి పోదు. పల్చటి నూనె ఒక చుక్క చాలు. ఇత్తడి రంగు బుష్షులు మాత్రం బిగించే ముందు నూనెలో నానబెట్టాలి. కమ్యుటేటర్ (కార్బన్లు ఆనే రాగి పలకల భాగం) లేత్ మీద తీయించాక పలకల మధ్య మైకాని అర మిల్లీమీటర్ లోతుగా గీకించండి, లేకపోతే కార్బన్లు ఎగిరెగిరి నిప్పులు చిమ్ముతాయి.

జవాబు: ఒంగోలు డీజిల్

గేర్ రిడక్షన్ మంచిదే. మోటార్ వేగాన్ని లోపలి గేర్లు మూడున్నర నుంచి అయిదు రెట్లు తగ్గిస్తాయి, కాబట్టి చిన్న ఆర్మేచరే (మోటార్‌లో తిరిగే భాగం) వేగంగా తిరిగి అంత పనీ చేస్తుంది. బరువు తగ్గుద్ది, కరెంటూ తక్కువ. కానీ పైన చెప్పిన కేబుల్, జాయింట్లు సరిచేయకుండా వేస్తే దాని సోలనాయిడ్ కూడా ఇట్టాగే టకటకమంటది. పర్మనెంట్ మాగ్నెట్ రకమైతే ఇంకో సంగతి: మొరాయించినప్పుడు స్పానర్‌తో తట్టే అలవాటు మానుకోవాలి, లోపలి ఫెరైట్ పలకలు పగిలిపోతాయి.

కొనేముందు పాతదాన్ని పక్కన పెట్టి సరిపోల్చండి: పినియన్ పళ్లు, పంటి సైజు, తిరిగే దిశ, ఫ్లాంజ్ (ఇంజన్‌కి బిగించే అంచు) రంధ్రాలు, ఫ్లాంజ్ నుంచి పినియన్ దాకా దూరం. ఆగి ఉన్నప్పుడు పినియన్‌కీ ఫ్లైవీల్ రింగుకీ (ఇంజన్ చక్రం చుట్టూ ఉండే పళ్ల రింగు) మధ్య 3 మిల్లీమీటర్ల దరిదాపు సందు ఉండాలి.

రింగు కూడా చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఎప్పుడూ ఎదురెదురు రెండు చోట్లే ఆగుతుంది, అక్కడి పళ్లే అరుగుతాయి. కొత్త పినియన్‌ని ఆ పళ్లే కొరికేస్తాయి. మిగతా పళ్లు బాగుంటే రింగుని 200 డిగ్రీల దాకా సమానంగా వేడి చేసి తీసి, 90 డిగ్రీలు తిప్పి ఎక్కించొచ్చు. ఎర్రగా కాల్చారో పంటి గట్టిదనం పోయినట్టే.

ప్యానెల్ సెట్టింగులు: ఒక్కో ప్రయత్నం 10 సెకన్లు మించకూడదు, మధ్యలో కనీసం 30 సెకన్ల విరామం, మూడు ప్రయత్నాలకి అలారం. ఆయిల్ ప్రెషర్ చూసి సెల్ఫ్ వదిలేలా పెట్టి ఉంటే మార్పించండి, అది ఆలస్యం. జనరేటర్ ఫ్రీక్వెన్సీ 20 హెర్ట్జ్ చేరగానే వదిలేయాలి. 1500 ఆర్‌పీఎమ్ సెట్‌లో అది 600 ఆర్‌పీఎమ్, సెల్ఫ్ తిప్పే వేగానికి బాగా పైన.

గట్టుమీద జెన్‌సెట్

మైనస్ తీగ ఛాసిస్‌కే ఉంది, మీరు చెప్పినట్టే చిలుము పట్టి. కేబుల్, రిలే ముందు మార్పిస్తా. బ్యాటరీని సెల్ఫ్‌కి దగ్గరగా జరిపితే 50 సరిపోద్దా?

కావలి ఆటో ఎలక్ట్రికల్

ఒక్కో వైపు మీటరున్నరకి తగ్గితే 50 చాలు, 0.3 వోల్టే పోద్ది. సైలెన్సర్ వైపు మాత్రం జరపొద్దు, ఇంజన్ వణుకు తగలకుండా స్టాండ్ నేల మీదే పెట్టండి.