మా అక్కకి బరువు తగ్గే ఆపరేషన్: స్లీవా, బైపాసా? చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి

మాది చీపురుపల్లి. అక్కకి 44 ఏళ్లు, 112 కిలోలు, షుగర్ కూడా ఉంది. విశాఖలో ఒక డాక్టరు గారు స్లీవ్ చాలన్నారు, ఇంకొకరు బైపాస్ మేలన్నారు. స్లీవ్‌లో పొట్ట ముప్పాతిక భాగం తీసేస్తారు, పుల్లతేన్పులు ఉన్నవాళ్లకి అవి ఇంకా పెరగొచ్చు. అక్క ఇప్పటికే రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గానీ పడుకోలేదు. బైపాస్‌లో పొట్టని చిన్న సంచిలా చేసి చిన్నపేగుకి కలుపుతారు. అది తేన్పులకీ, షుగర్‌కీ మంచిదే, కానీ తర్వాత నొప్పి మాత్రలు వాడితే లోపల పుండ్లు పడే ప్రమాదముందట. మోకాళ్లకి తను రోజూ వేసుకునేది అవే! అదే టెన్షన్. విటమిన్ మాత్రలు జీవితాంతం ఎలాగూ తప్పవు. నాకైతే బైపాసే నయమనిపిస్తోంది. చేయించుకున్న అన్నలు, అక్కలు ఉంటే చెప్పండి: మోకాళ్ల నొప్పికి ఏం వాడుతున్నారు? చోడి అంబలి ఎన్నాళ్లకి తాగనిచ్చారు?