నీట్ కోసం కర్బన రసాయనం: ఎవరూ చెప్పకుండా సొంతంగా వస్తుందా?

మందుల చీటీ
ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు మాధ్యమంలో బైపీసీ చదివాను. నిరుడు నీట్ రాశాను, సీటు వచ్చేన్ని మార్కులు రాలేదు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపే స్తోమత ఇంట్లో లేదు. పగలు మందుల దుకాణంలో పని, రాత్రి చదువు. జీవశాస్త్రంతో ఇబ్బంది లేదు, భౌతికశాస్త్రం ఎలాగో లాక్కొస్తున్నాను. కర్బన రసాయనం దగ్గరే బండి కదలడం లేదు. ఆల్డిహైడ్‌ల పాఠానికి వెళ్లేసరికి ఆల్కహాల్‌లు మరిచిపోతున్నాను. "అది వదిలేసి మిగతావాటిలో మార్కులు తెచ్చుకో" అంటోంది స్నేహితురాలు. దుకాణానికి వచ్చే ఒకాయన "ఆర్గానిక్ ఒకరు చెబితే తప్ప రాదు" అన్నారు. నిజమేనా?

బెంజీన్ బాధితుడు
వదిలేయడం మాత్రం వద్దు. రసాయనశాస్త్రం 45 ప్రశ్నలు, 180 మార్కులు. అందులో ఇంచుమించు మూడో వంతు కర్బన రసాయనమే. దాన్ని వదిలి సీటు ఆశించడం కష్టం.

అలాగని అంతా అర్థం చేసుకుని తీరాలన్న పట్టుదలా వద్దు. 2025లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలే ఇచ్చారు. తప్పుకు ఒక మార్కు కోత. ఎలక్ట్రాన్‌లు ఎటు కదులుతాయో చూపే బాణాలు గీస్తూ కూర్చునే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు, నాలుగు జవాబుల్లో ఒకటి దిద్దడమే. నేను రెండేళ్లు హాస్టల్ కోచింగ్‌లో ఉన్నాను. అక్కడ చేయించిందల్లా పేరున్న చర్యలకు ఒక పట్టిక, కారకాలకు ఒక పట్టిక రాయించి మంచం పక్కన గోడకు అంటించడం. సీటు వచ్చింది. ఆ పని ఇంట్లో పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు.

పాత లెక్చరర్
బాబూ, మీకు సీటు వచ్చినందుకు సంతోషం. ఆ అమ్మాయి చెప్పిన జబ్బేమిటో మరోసారి చదవండి. ముందు పాఠానికి వెళితే వెనకటిది పోతోంది. బట్టీ పట్టినవాళ్లకు వచ్చే జబ్బు అది. మీరు దానికి మందుగా ఇంకాస్త బట్టీ రాసిస్తున్నారు.

ప్రొపీన్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ చేరిస్తే 2-బ్రోమోప్రొపేన్ వస్తుంది. పట్టికలో ఒక వరుస. పెరాక్సైడ్ ఉంటే 1-బ్రోమోప్రొపేన్. రెండో వరుస. హైడ్రోజన్ క్లోరైడ్ అయితే పెరాక్సైడ్ ఉన్నా ఫలితం మారదు. మూడో వరుస. ఇలా ఎన్ని వరుసలు రాస్తారు?

ఇంకో దారి ఉంది. ద్విబంధం దగ్గరకు ముందు ఎవరు వచ్చారో చూడండి. మామూలుగా ముందు వచ్చేది ప్రోటాన్. అది చివరి కార్బన్‌కు అంటుకుంటే నడిమి కార్బన్ మీద ధనావేశం మిగులుతుంది. రెండు వైపులా మిథైల్ సమూహాలు ఉండటం వల్ల ఆ ద్వితీయ కార్బోకాటయాన్‌కు స్థిరత్వం ఎక్కువ, బ్రోమైడ్ వెళ్లి అక్కడ చేరుతుంది. పెరాక్సైడ్ ఉన్నప్పుడు ముందు వచ్చేది బ్రోమిన్ స్వేచ్ఛా ప్రాతిపదిక, అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న బ్రోమిన్ పరమాణువు. అదీ చివరి కార్బన్‌నే పట్టుకుంటుంది, హైడ్రోజన్ తర్వాత నడిమికి పోతుంది. రెండు చోట్లా సూత్రం ఒకటే, వచ్చిన వరుస వేరు. హైడ్రోజన్, క్లోరిన్‌ల మధ్య బంధం గట్టిది కావడంతో ప్రాతిపదిక దాన్ని తెంచలేదు. మూడు వరుసలూ ఒక్క బొమ్మలోకి వచ్చాయి.

అమ్మా, పదకొండో తరగతిలోని ప్రాథమిక సూత్రాల పాఠం మీద నెల రోజులు కూర్చో. ప్రేరక ప్రభావం, రెజొనెన్స్, అతిసంయుగ్మం: అణువులో ఎలక్ట్రాన్‌లు ఎటు జరుగుతాయో చెప్పేవి ఈ మూడే. అవి రాకుండా ఆల్కహాల్‌ల జోలికి పోవడం గుణింతం రాకుండా పద్యం అందుకోవడమే. ఆ ఒక్క పాఠం మాత్రం ఎవరి చేతనైనా చెప్పించుకో. మిగతావి నీవే చదువుకోగలవు.

కడప నాన్న
"ఎవరి చేతనైనా" అంటే ఎవరండీ? మా వాడిని కోచింగ్‌లో చేర్చాం. తరగతిలో వంద మంది పైనే. అనుమానం అడిగితే సాయంత్రం కౌంటర్‌కు రమ్మంటారు, అక్కడ మళ్లీ వరుస. చెప్పేవాళ్లు ఉన్నచోటా పిల్లలు సొంతంగానే చదువుకుంటున్నారు, ఫీజు కట్టి మరీ.

రాత్రి డ్యూటీ
నేను సొంతంగానే నేర్చుకున్నాను, ఇప్పుడు ఎంబీబీఎస్ మూడో ఏడు. ఉచిత వీడియోలు చూస్తున్నంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉండేది. ఫోను పక్కన పెట్టి తెల్ల కాగితం తీస్తే మొదటి బాణం దగ్గరే చెయ్యి ఆగిపోయేది. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను: పది నిమిషాలు చూస్తే ఇరవై నిమిషాలు గీయాలి.

అసలు తప్పు అది కూడా కాదు. మూడు నెలల పాటు బాణాన్ని ధనావేశం దగ్గర మొదలుపెట్టి గీశాను. అది ఎలక్ట్రాన్‌లు ఉన్నచోటి నుంచి లేనిచోటికి వెళ్లాలి. జవాబులు చాలావరకు సరిపోతుండటంతో నాకు అనుమానమే రాలేదు. పక్క వీధిలో ఎమ్మెస్సీ చదివే అక్క నా పుస్తకం చూసి నవ్వింది. అరగంటలో దిద్దింది. చెల్లీ, చెప్పేవాళ్లు లేకున్నా ఫరవాలేదు. దిద్దేవాళ్లను మాత్రం వెతుక్కో.

బెంజీన్ బాధితుడు
మాస్టారూ, మిథైల్ సమూహం ఎలక్ట్రాన్‌లను ఇస్తుంది కదా. మూడు ఉన్న ట్రైమిథైల్ అమీన్ అన్నిటికన్నా బలమైన క్షారం కావాలి. నీటిలో మాత్రం డైమిథైల్ ముందు, తర్వాత మిథైల్, ఆ తర్వాతే ట్రైమిథైల్, చివర అమ్మోనియా. ఇథైల్‌కు వస్తే వరుస మారిపోయి డైఇథైల్ వెనకే ట్రైఇథైల్ నిలబడుతుంది. అనిలీన్‌ను నేరుగా నైట్రేషన్ చేస్తే 47 శాతం మెటా (వలయంలో అమైనో సమూహం నుంచి మూడో కార్బన్ మీద నైట్రో చేరినది) వస్తుందని పుస్తకంలో ఉంది. ఏ బాణం గీస్తే ఆ 47 వస్తుంది?

పాత లెక్చరర్
అనిలీన్ సంగతి సగం బొమ్మలోనే ఉంది. ఆమ్ల మాధ్యమంలో అది అనిలీనియం అయాన్‌గా మారుతుంది, ఆ అయాన్ మెటా స్థానానికి దారి చూపుతుంది. మెటా ఎందుకు వచ్చిందో చెప్పగలను, 47 ఎందుకో చెప్పలేను. అమీన్‌లలో ఎలక్ట్రాన్‌లను ఇవ్వడం ఒకటి, నీటి అణువులు చుట్టూ చేరడం ఒకటి, సమూహాల ఇరుకు ఒకటి, మూడూ కలిసి లాగుతాయి. ఏది ఎంత లాగుతుందో కాగితం మీద తేలదు. ఆ రెండు వరుసలు నేనూ కంఠస్థమే చేశాను. పాఠానికి వెళ్లేముందు అరచేతిలో రాసుకున్న రోజులూ ఉన్నాయి. ఇక్కడ మీదే పైచేయి.

అకాడమీ పుస్తకం
తెలుగు మాధ్యమం అన్నారు కాబట్టి ఒక మాట. నీట్‌లో తెలుగు ఎంచుకుంటే ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది. మనం ప్రతిక్షేపణ, విలోపన అని చదువుకుంటాం, వీడియోలో సబ్‌స్టిట్యూషన్, ఎలిమినేషన్ అంటారు. పుస్తకం చివరి పేజీల్లో రెండు పేర్లూ ఎదురెదురుగా రాసుకోండి. నేను రాసుకోలేదు, పరీక్ష గదిలో అనుభవించాను.

మందుల చీటీ
అందరికీ ధన్యవాదాలు. రాత్రి ఒకటి గీశాను, దిద్దండి. సోడియం మెథాక్సైడ్‌ను 2-బ్రోమో-2-మిథైల్‌ప్రొపేన్‌తో కలిపితే విలియమ్‌సన్ సంశ్లేషణ ప్రకారం ఈథర్ వస్తుందని రాశాను.

రాత్రి డ్యూటీ
రాదు. బ్రోమిన్ ఉన్న కార్బన్ చుట్టూ ఏమున్నాయో గీసి, మెథాక్సైడ్ ఏ వైపు నుంచి లోపలికి వెళుతుందో చూడు.

మందుల చీటీ
మూడు మిథైల్‌లు అడ్డం ఉన్నాయి. వెనక నుంచి దారి లేదు. అయితే అది అంచున ఉన్న హైడ్రోజన్‌ను లాక్కుంటుందా? 2-మిథైల్‌ప్రొపీన్ వస్తుందా?

బెంజీన్ బాధితుడు
వస్తుంది. నా గోడ పట్టికలో ఎర్ర సిరాతో రాసిన వరుస అది: తృతీయ హేలైడ్, బలమైన క్షారం, ఆల్కీన్. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

పాత లెక్చరర్
ఆ ఈథరే కావాలంటే ఏం కలపాలి?

మందుల చీటీ
ఇరుకు సమూహాన్ని ఆక్సిజన్ వైపుకు మార్చాలి. సోడియం టెర్షియరీ బ్యూటాక్సైడ్, బ్రోమోమీథేన్. ఇది పుస్తకం చూడకుండానే రాశాను. రేపు దుకాణం మూశాక, ఇథనాల్ కన్నా ఫినాల్ ఎందుకు బలమైన ఆమ్లమో గీసి పెడతాను. తప్పుంటే నవ్వకండి.

రాత్రి డ్యూటీ
నవ్వుతాను. పెట్టు.