‘అనాథ కమిట్’ అనవచ్చునా?

ప్రశ్న: గిట్ (ప్రోగ్రాం కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) సహాయ పుటలను తెలుగులోకి తెస్తూ, ఏ బ్రాంచికీ (మార్పుల వరుస కొసను చూపే పేరుకు) చెందకుండా మిగిలిపోయిన కమిట్‌ను (భద్రపరిచిన ఒక్కో మార్పును) ‘అనాథ కమిట్’ అని రాశాను. ‘గిట్ జీసీ (అక్కరలేనివాటిని ఊడ్చే ఆదేశం) నడిపినా అవి పోవడం లేదేమిటి’ అని అడిగేవారికి ఈ మాట సరిపోతుందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: వ్యుత్పత్తిని బట్టి చూస్తే తప్పు పట్టలేమండి, నాథుడు లేనివాడే అనాథ. కానీ వాడుకలో ఆ మాట వినగానే తల్లిదండ్రులు లేని బిడ్డ గుర్తుకు వస్తుంది. గిట్‌లో ప్రతి కమిట్ తన తల్లి కమిట్ గుర్తింపు సంఖ్యను తనలోనే దాచుకుంటుంది, తల్లికి మాత్రం పిల్లల ఊసే తెలియదు. కనుక మీరు చెప్పే కమిట్‌కు తల్లి ఉండనే ఉంటుంది, దాన్ని చూపే బ్రాంచో ట్యాగో మాత్రమే ఉండదు. పైగా తల్లి లేని కమిట్‌తో మొదలయ్యే బ్రాంచికి గిట్‌లో ఇప్పటికే ‘ఆర్ఫన్’ అన్న పేరుంది కాబట్టి, చదివేవారు రెండింటినీ ఒకటిగా పొరబడతారు.

‘ఎవరూ సూచించని కమిట్’ అన్నా చిక్కే. హార్డ్ రీసెట్‌తో రెండు కమిట్లు వెనక్కి వెళ్ళారనుకోండి. వదిలేసిన రెండింటిలో పైదాన్ని ఏ కమిటూ సూచించదు గానీ, కిందిదాన్ని పైది సూచిస్తూనే ఉంటుంది. అయినా బ్రాంచుల నుంచి బయలుదేరితే రెండూ దొరకవు. అందుకే నేను ‘అందని కమిట్’ అంటాను. గిట్ ఎఫ్‌ఎస్‌సీకే (నిల్వను తనిఖీ చేసే ఆదేశం) ‘డ్యాంగ్లింగ్’ అని చూపేది ఆ పైదాన్ని మాత్రమే కాబట్టి, దాన్ని ‘అందని కొస’ అనవచ్చు.

ఇక అవి పోకపోవడానికి కారణం సాధారణంగా రీఫ్లాగ్. బ్రాంచి వదిలేసినా, హెడ్ (మీరు ప్రస్తుతం ఉన్న కమిట్‌ను చూపే గుర్తు) ఎక్కడెక్కడ నిలిచిందో అందులో రాసి ఉంటుంది కనుక జీసీ దృష్టిలో ఆ కమిట్ ఇంకా అందేదే. ఎఫ్‌ఎస్‌సీకే కూడా రీఫ్లాగ్‌ను లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి, నో-రీఫ్లాగ్స్ ఆప్షన్ ఇచ్చి చూస్తే తప్ప ఇలాంటివి బయటపడవు. మామూలు అమరికలో ఇలాంటి రీఫ్లాగ్ పద్దులకు 30 రోజుల గడువు ఉంటుంది. అది తీరాక కూడా, రెండు వారాల లోపు వయసున్న అందని వస్తువులను జీసీ తొలగించదు, ఎందుకంటే అదే సమయంలో మరో ప్రక్రియ రాస్తున్న కమిట్ ఇంకా ఏ బ్రాంచికీ చేరి ఉండకపోవచ్చు. ఈ జాగ్రత్త ఎంతో అవసరమైనది.

ప్రశ్న: మంచిది, ‘అందని కమిట్’ అనే మారుస్తాను. వెంటనే తొలగించాలంటే ఏం రాయమంటారు?

జవాబు: ముందుగా రీఫ్లాగ్ ఎక్స్‌పైర్‌ను, ఎక్స్‌పైర్-అన్‌రీచబుల్ విలువ ‘నౌ’గా, అన్ని రెఫ్‌లకూ (బ్రాంచి, ట్యాగ్ వంటి పేర్లకు) నడపమని, తరువాత జీసీని ప్రూన్ విలువ ‘నౌ’గా నడపమని రాయండి. మొదటి ఆదేశంతో స్టాష్‌లో దాచిన పాత మార్పులు కూడా పోగలవని, ఆ సమయంలో రిపాజిటరీలో (ప్రాజెక్టు నిల్వలో) మరెవరూ రాయకుండా చూసుకోవాలని ఆదేశాల కంటే పైనే హెచ్చరించండి.